రత్నమ్మ మేడతోటలో ఎండుచేప

నూకరత్నం పుట్టి బుద్ధెరిగాక చేపముక్క నాలిక మీద పెట్టుకున్న మనిషి కాదు. ఆవిడ కొంప ముంచింది సరిగ్గా అదే. తినే మనిషైతే మునిగేది కాదు. అనకాపల్లిలో ఈ మాట ఎవరితోనైనా అంటే పకపకా నవ్వుతారు. నవ్వండి, ఎవరొద్దన్నారు! మొత్తం విన్నాక కూడా నవ్వొస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

బెల్లం మార్కెట్‌కి పోయే దారిలో వాళ్లదొక పాత మేడ. కింద గోదాం, దాని వెనక వాటాలో బావగారు రామ్మోహనరావు కుటుంబం. పైన ఒక మూల రెండు గదుల్లో నూకరత్నం, ఆవిడ భర్త రామ్‌గోపాల్. అన్నదమ్ముల పంపకాల్లో అన్నకి మేడ వచ్చింది, తమ్ముడికి బెల్లం కమీషన్ వ్యాపారం వచ్చింది. మేడ నిలబడింది, వ్యాపారం కూలింది. కూలిన వ్యాపారం తాలూకు ఆస్తి ఏదైనా మిగిలిందా అంటే, ఎవరూ కొనని నల్లబెల్లం దిమ్మలు మిగిలాయి. వాటిని వరండాలో పేర్చుకుని, పక్కనే కుర్చీ వేసుకుని, రామ్‌గోపాల్ పొద్దస్తమానం పేపరు చదువుతూ కూర్చునేవాడు. చదివిన పేపరే మళ్లీ చదివేవాడు పాపం. ఎవరైనా పలకరిస్తే ఉలిక్కిపడేవాడు.

అలాంటి రోజుల్లో నూకరత్నం మేడ మీదకి ఎక్కింది. బట్టలారేసుకోడానికి కాదు. ఖాళీ డబ్బాల్లో మట్టి పోసి తోటకూర చల్లింది. వచ్చిన తోటకూర వీధిలో వాళ్లకి ఇచ్చింది. ఇచ్చినవాళ్లే మళ్లీ వచ్చి డబ్బులిస్తాం అన్నారు. అక్కణ్ణుంచి మొదలు. నాలుగేళ్లు తిరిగేసరికి మేడంతా ఆకుపచ్చ వల కింద మట్టి సంచుల్లో గోంగూర, బచ్చలి, వంగ, బెండ, పందిరి మీద ఆనప. ఉదయం పాసింజర్ రైలుకి విశాఖపట్నం అపార్టుమెంట్లకి బుట్టలు వెళ్లేవి. అక్కడి ఆడవాళ్లు ఫోనుల్లో "రత్నమ్మగారి కూరలు" అని చెప్పుకునేవారు. మందు కొట్టని కూర, శుద్ధమైన శాకాహారుల ఇంటి కూర అని వాళ్లకదో గురి.

ఆ కూరలే ఇద్దరికీ తిండి పెట్టాయి, అది నిజం. కానీ తిండి కంటే ఇంకోటి ఉంది. కింద వీధిలో ఆవిడ దివాలా తీసిన రామ్‌గోపాల్ పెళ్లాం. మేడ మెట్లెక్కితే రత్నమ్మగారు. ఆ మెట్లు లేకపోతే తను బతకలేదని ఆవిడకి బాగా తెలుసు.

ఇక అసలు సంగతికి వస్తాను. మొదటి ఏడాది మొక్కలు పాలిపోయి, గిడసబారి నిలబడితే నూకరత్నం ఫోనులో వెతికింది. చేప తలకాయలు, బెల్లం సమానంగా కలిపి డ్రమ్ములో మూత బిగించి మగ్గబెడితే, ఆ ద్రావణం నీళ్లలో కాస్త కలిపి పోస్తే చాలు, మొక్క తేరుకుంటుందని ఒకాయన చెబుతున్నాడు. బెల్లం ఇంటినిండా ఉంది. చేప! ఆ మాట అనుకోగానే ఆవిడకి లేచి వెళ్లి స్నానం చేయాలనిపించింది. కానీ పాలిపోయిన మొక్కల వంక చూసింది, మర్నాడు పెరటి గుమ్మం దగ్గర నిలబడింది.

పెరటి సందులోంచి, సముద్రం ఒడ్డు పూడిమడక నుంచి వచ్చే కొర్లమ్మ చేపల బుట్టతో గవరపాలెం వైపు పోతుంది. నూకరత్నం ఈడుదే. గట్టి మనిషి, గట్టి గొంతు. ఆ సందులో ఈ గుమ్మం ముందుకి వచ్చేసరికి మాత్రం గొంతు తగ్గించుకుని నడిచేది, పెద్దాయన రామ్మోహనరావుకి కేక వినిపిస్తే గొడవని.

"కొర్లమ్మా, నాకు తలకాయలు కావాలి. ఎవరికీ చెప్పకు" అంది నూకరత్నం, గోడకేసి చూస్తూ.

కొర్లమ్మ బుట్ట దించి, ఆవిణ్ణి కిందికీ మీదికీ చూసింది. "పులుసుకా అమ్మా?"

అదిగో, ఆ క్షణాన నిజం చెప్పేస్తే పోయేది. మొక్కలకే తల్లీ అంటే అయిపోయేది. కానీ నూకరత్నం లెక్క వేరు. ఎరువుకి అని చెబితే కొర్లమ్మకి అందులో దాచాల్సిందేం కనబడదు, బజారంతా చెబుతుంది, విశాఖపట్నం బుట్టలు ఆగిపోతాయి, బావగారు మేడకి తాళం వేస్తారు. చాటుగా తింటోందని అనుకుంటే మాత్రం జాలిపడి కడుపులో దాచుకుంటుంది. ఎంత తెలివో చూడండి! "ఊఁ" అని ఊరుకుంది.

ఆ ఒక్క 'ఊఁ' నాలుగేళ్లు నడిచింది. కొర్లమ్మ వారానికోసారి మూట చాటుగా అందించి, "తలకాయ తిన్నోళ్లకే తెలుత్తాదమ్మా రుచి" అని కన్నుగీటి పోయేది. నూకరత్నం ముక్కుకి కొంగు కట్టుకుని డ్రమ్ములో వేసి, బెల్లం దిమ్మ చితక్కొట్టి కలిపేది. ఎవరైనా అడిగితే "బెల్లం కషాయం" అనేది. అబద్ధం కాదు, సగం నిజం. మొక్కలు విరగకాశాయి. కింద బావగారి ఇంటికి రోజూ ఒక కట్ట వెళ్లేది. రామ్మోహనరావు పప్పులో తోటకూర కలుపుకుని, "మన రత్నం చేతిలో ఏటుందో గానీ, అమృతం" అనేవాడు. ఆ మాట చెవినపడ్డ ప్రతిసారీ నూకరత్నానికి లోపల ఒక పక్క పొంగేది, ఒక పక్క కుంగేది.

రామ్మోహనరావు చెడ్డవాడు కాడు, ఆ మాట ముందే చెప్పాలి. మాటంటే మాటే ఆయనకి. పొద్దున్నే కన్యకాపరమేశ్వరి అమ్మవారి గుడికి వెళ్లొచ్చాకే కాఫీ. వాసవీ జయంతి సంతర్పణ కమిటీకి ఆయనే పెద్ద. అలాంటి మనిషికి ఈ ఏడాది ఎవరో చెప్పారు, మేడ పైన రేకులు వేస్తే జిమ్ముకి అద్దెకి తీసుకుంటామని. తమ్ముణ్ణి, మరదల్ని పిలిచి చెప్పేశాడు. నూకరత్నం కాళ్ల మీద పడ్డంత పని చేసింది.

ఆయన మేడ వైపు తలెత్తి చూశాడు. "సరే అమ్మాయ్. జయంతి భోజనాలకి కూరలన్నీ నీ మేడ మీదివే వండిత్తాను. ఊళ్లో మనాళ్లందరూ తింటారు. అంతమందికి సరిపడా కాయించేవా, మేడ నీదే, మళ్లీ ఆ ఊసెత్తను. కాయించలేకపోయేవా, మర్నాడే రేకులవాళ్లొత్తారు. నలుగురిలో చెప్తున్నాను, మాట తప్పను."

నూకరత్నం ఆనందం ఒక పూటే. రెండో పూటకి గుర్తొచ్చింది, జయంతి నడివేసవిలో వస్తుంది. అప్పటికి సముద్రంలో వేట ఆపేస్తారు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. పడవలన్నీ ఇసుక మీదే ఉంటాయి. ఇంకెక్కడి తలకాయలు! డ్రమ్ము అడుగంటింది. ఎండలు మండిపోతున్నాయి. మేడ మీద కాలు పెడితే బొబ్బలెక్కుతోంది. బెండ పూత రాలుస్తోంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

"కొర్లమ్మా, ఎలాగైనా ఏదో ఒకటి తెచ్చిపెట్టు. నా ప్రాణం మీదకొచ్చింది" అంది పెరటి గుమ్మంలో. నిజంగా కళ్లనీళ్లు పెట్టుకుంది.

కొర్లమ్మ నోరు తెరిచి చూసింది. చేప లేకపోతే ఇంతలా ఏడ్చేవాళ్లని ఆవిడ తమ పేటలోనే చూళ్లేదు. "యాట ఆపేసేరు కదమ్మా. మా ఇంట్లోనే పచ్చిసేప నేదు. బుట్ట బోర్లించి కూకున్నాం. నువ్వేడవకు తల్లీ, సూత్తాను."

నాలుగు రోజులకి గోనెసంచి మూట నెత్తిన పెట్టుకుని వచ్చింది. నిండా ఎండుచేపలు. "యాట నేని రోజుల్లో మేం తిండానికి అటకెక్కించుకున్నయ్యి. మా అత్త సేతి సరుకు. మేలైన కానాగంతలు. డబ్బులొద్దు, ఊరుకో. నువ్వు ఏడుత్తంటే నాకు ముద్ద దిగలేదు" అని మూట గుమ్మం లోపలికి తోసి వెళ్లిపోయింది.

ఇక్కడ ఆగి ఒక్క మాట చెప్పాలి. ఈ ఊళ్లో ఏ పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు, అటక మీద దాచే ఎండుచేపకి ఉప్పు దట్టిస్తారని. పొట్ట చీల్చి గళ్లుప్పు కూరి, ఉప్పునీట్లో ఊరనిచ్చి ఎండబెడతారు. వండేముందు నానబెట్టి, రెండుసార్లు కడగకపోతే నోట పెట్టలేం. తినేవాళ్లకి ఇది విద్య కాదు, నడక లాంటిది. కానీ నూకరత్నం పుట్టింట్లో చేప లేదు, మెట్టింట్లో చేప లేదు. పక్కింట్లో వేయిస్తే కిటికీ మూసుకున్న మనిషి. చేపల ఒంటి మీద తెల్లగా పొడిపొడిగా అంటుకుని ఉన్నది చూసి, సముద్రపు ఇసక అనుకుంది. చిటికెడు నాలిక్కి తగిలించుకుంటే తెలిసిపోయేది. ఆవిడ తగిలిస్తుందా! ప్రాణం పోయినా తగిలించదు.

ద్రావణం మగ్గడానికి రోజులు చాలవు. అందుకని ఎండుచేపల్ని మేడ మీద రోట్లో వేసి దంచింది. పచ్చివాటికంటే ఎండువి చిక్కగా ఉంటాయి, బలం ఎక్కువ అనుకుంది. పొడిలో బెల్లం కలిపి ప్రతి సంచిలోనూ మొదట్లో గుప్పెడు వేసి, పైన మట్టి కప్పింది. నీళ్లు చిలకరించింది. చేతులు బూడిదతో తోముకుని, తలస్నానం చేసి, దేవుడి దగ్గర దీపం పెట్టింది. "తల్లీ, నీ సంతర్పణకే కదా" అని దణ్ణం పెట్టుకుంది.

మొదట తోటకూర అంచులు మాడాయి. ఎండకేమో అనుకుని ఇంకో వల కట్టింది. వంగ ఆకులు దోనెల్లా ముడుచుకున్నాయి. మట్టి తడిగానే ఉంది, మొక్క మాత్రం నీళ్లు లేనట్టు వడిలిపోతోంది. ఆకలి తీరలేదు కాబోలు అనుకుని ఇంకో గుప్పెడు వేసింది. చచ్చేవాడి నోట్లో మళ్లీ అదే విషం పోసినట్టయింది. రెండు రోజుల్లో బెండ పుల్లలై నిలబడింది. గోంగూర ఆకు ముట్టుకుంటే రాలుతోంది. నూకరత్నం సంచుల మధ్య చతికిలబడి, ఒక్కో మొక్కనీ పట్టుకుని "ఏటయిందే నీకు, చెప్పవే" అని అడిగింది. పిచ్చిదానిలా అడిగింది. అడగడం తప్ప ఏం చేస్తుంది?

రామ్‌గోపాల్ ఆవిడ అన్నానికి రాలేదని మేడెక్కాడు. ఆయన పైకి రావడం అరుదు. కొంచెంసేపు నిలబడి చూసి, "రత్నం, నా వ్యాపారం కూడా ఇలాగే పోయింది. ఎందుకు పోతోందో తెలీకుండానే" అన్నాడు. ఆ మాట ఓదార్పో ఏమిటో గానీ ఆవిడ ఇంకా ఏడ్చింది.

ఆ మర్నాడే రామ్మోహనరావు పైకొచ్చాడు. మాడిన బెండ వైపు చూశాడు. "ఏటమ్మా ఇది? జయంతి నెత్తిమీదకొచ్చింది."

"ఎండలు బావగారూ. తేరుకుంటాయి. బచ్చలీ ఆనపా బానే ఉన్నాయి" అంది నూకరత్నం.

"సర్లే. వంటమేస్త్రి రేపొత్తాడు కూరల లెక్క చూసుకోడానికి" అని ఆయన దిగిపోయాడు. దిగుతూ దిగుతూ రేకులకి స్తంభాలు ఎక్కడ పడతాయోనని ఓసారి నాలుగు మూలలా చూశాడు. అది ఆవిడ కంటపడింది.

తెల్లారి పెరటి సందులో కొర్లమ్మ గొంతు వినిపించింది. వేట లేకపోయినా ఖాళీ బుట్టతో చూసిపోదామని వచ్చింది. నూకరత్నం దిగి వెళ్లింది, ఎందుకు వెళ్లిందో ఆవిడకే తెలీదు.

"ఏటమ్మా అలా అయిపోయేవు? సేప బాగోలేదా? నానబెట్టి కడిగేవా నేదా? నాకప్పుడే అనుమానం. సెప్పకుండా పోయేను. కడక్కుండా తింటే ఉప్పుకి పేగులు మాడిపోవూ!"

"ఉప్పా?" అంది నూకరత్నం.

"ఉప్పుసేప కదమ్మా. ఉప్పుండదేటి?"

తెల్లటి పొడి, రోట్లో కరకరమన్న గళ్లు, రెండేసి గుప్పెళ్లు, అన్నీ ఒక్కసారే నూకరత్నం కళ్లముందుకొచ్చాయి. "నేను తినలేదు కొర్లమ్మా. ఎప్పుడూ తినలేదు. మొక్కలకి వేసేను. నాలుగేళ్లనుంచీ మొక్కలకే వేత్తున్నాను."

కొర్లమ్మ ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. "మొక్కలకా? మా పిల్లలకి పెట్టకుండా తెచ్చేను కదమ్మా! అమ్మోరి గుళ్లోకెళ్లే ఇంటి కోడలు, దాసుకుని తింటంది పాపం, అని మా ఆయనకి కూడా సెప్పలేదే. నాకు సెప్తే నేనేటి, టముకేత్తానా?"

నూకరత్నం తలెత్తలేకపోయింది. కొర్లమ్మ కోపం మామూలు కోపం కాదు, మనసు విరిగిన కోపం. సందు చివరిదాకా నడిచింది. అక్కడ ఆగింది. మళ్లీ వెనక్కొచ్చింది. "ఏడుత్తా కూకుంటే ఉప్పు పోద్దేటి? సేపకైనా మట్టికైనా ఒకటే మందు, కడగాల. నడు."

కొర్లమ్మ ఆ ఇంటి పెరటి మెట్లెక్కడం అదే మొదటిసారి. పైకెక్కి చూసి, ముక్కు మీద వేలేసుకుంది. ఎండిందంతా ఎండింది గానీ బచ్చలి తీగల్లో జీవం ఉంది, ఆనప మొదలు పచ్చగానే ఉంది, గోంగూరలో మూడోవంతు వేళ్లు బతికే ఉన్నాయి. సంచులనిండా నీళ్లు వదిలి, అడుగు చిల్లుల్లోంచి ఉప్పు పారేదాకా కడిగితే సంతర్పణకి ఎంతోకొంత అందుతుంది. ఇంకో రోజు ఆగితే ఏమీ మిగలదు.

కానీ మేడ మీది నీళ్లు కిందికి పోవడానికి ఉన్నది ఒక్కటే గొట్టం. ఆ గొట్టం దిగేది కింద ముంగిట్లో, బావగారు కూర్చునే అరుగు పక్కన, తులసికోట దగ్గర. నాలుగేళ్ల చేప నానిన మట్టి అది. పైపైన నీళ్లు చిలకరించినంతకాలం వాసన మేడ దిగలేదు. ముంచి కడిగితే వీధి వీధంతా ముక్కు మూసుకుంటుంది. ఆ పొద్దున అరుగు మీద వంటమేస్త్రి, కమిటీ పెద్దలిద్దరు కూర్చుని ఉన్నారు. కడిగితే గుట్టు పోతుంది, కడక్కపోతే మొక్క పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎటు పడినా పోయేది మేడే.

సంగతంతా అప్పుడే విన్న రామ్‌గోపాల్, కడిగిన నీళ్లు బాల్చీలతో మోసి పెరట్లో పోద్దామన్నాడు. నాలుగు బాల్చీలు మోసేసరికి ఆయాసంతో మెట్ల మీద కూలబడ్డాడు. నూకరత్నం ఆనప మొదలు దగ్గర కూర్చుని ఆకు మీద చెయ్యి వేసింది. ఇంకా చల్లగానే ఉంది ఆకు. "మోటరెయ్యండి" అంది.

"రత్నం, ఆలోచించు."

"చచ్చిపోతున్నాయండీ. మోటరెయ్యండి."

నీళ్లు వచ్చాయి. కొర్లమ్మ నీళ్ల పైపు పట్టుకుంది, నూకరత్నం సంచుల్ని ఒంచింది. మొదట గోధుమరంగు నీళ్లు, తర్వాత నురగ. వాసన ఎలా లేచిందో చెప్పడం నావల్ల కాదు. కొర్లమ్మే కొంగు ముక్కుకి పెట్టుకుందంటే మీరే అర్థం చేసుకోండి. కింద ముందు మాటలు ఆగిపోయాయి, తర్వాత కుర్చీలు జరిగిన చప్పుడు, తర్వాత "ఏటిది? ఏటిది?" అని అరుపు. రామ్మోహనరావు మెట్లెక్కి వస్తున్నాడు.

"ఎలక చచ్చిందన్నయ్యా, గొట్టంలో" అన్నాడు రామ్‌గోపాల్, ఎదురెళ్లి. జన్మలో మొదటిసారి పెళ్లాం కోసం అబద్ధమాడాడు పాపం, అదీ సరిగా రాలేదు.

పెద్దాయన చూపు తమ్ముడి మీద లేదు. తడి చేతులతో, మోకాళ్ల దాకా చీర ఎగ్గట్టి నిలబడ్డ కొర్లమ్మ మీద ఉంది. "ఈవిణ్ణి మేడ ఎక్కించేరా? నా ఇంటి మీద? ఏం పారబోసేవు గొట్టంలో?"

కొర్లమ్మ ఒక్క క్షణం నూకరత్నం వైపు చూసింది. తర్వాత తలొంచుకుంది. "తప్పయిపోయిందయ్యా. కింద కుళాయి నేదని నా బుట్ట కడుక్కున్నాను. ఆ యమ్మకి తెల్దు. నేనే ఎక్కీసేను."

వినండి, బాగా వినండి. అక్కడితో ఆగిపోవచ్చు. పెద్దాయన నాలుగు తిట్లు తిట్టి, ముంగిట్లో పసుపునీళ్లు చల్లించి, అంతటితో వదిలేసేవాడు. నమ్మాడు కూడా. మొహంలో తెలుస్తూనే ఉంది. మొక్కలు కడగడం అయిపోవచ్చింది. గుట్టు గుట్టుగానే ఉంది. మేడ దక్కినట్టే. నూకరత్నం చెయ్యాల్సిందల్లా నాలుగేళ్ల కిందట చేసినట్టు నోరు మూసుకుని ఊరుకోవడమే.

"బుద్ధుండాలి, చేపలమ్ముకునేదానివి..." అని రామ్మోహనరావు మొదలుపెట్టాడు. కొర్లమ్మ తలొంచుకునే ఉంది. ఆవిడ పిల్లలు ఆ పూట ఏం తిని ఉంటారోనన్న ఆలోచన వచ్చింది నూకరత్నానికి. అంతే, ఇంక గొంతు ఆగలేదు.

"దాన్ననకండి బావగారూ. బుట్ట కాదు. మట్టిలోదే ఆ వాసన. నేనే వేసేను. మొదట్నుంచీ చేపే వేత్తున్నాను. బెల్లం కషాయం అంటే చేపా బెల్లమూను."

రామ్‌గోపాల్ కళ్లు మూసుకున్నాడు. పెద్దాయన పిట్టగోడ పట్టుకున్నాడు. నోటికి అడ్డంగా తుండుగుడ్డ పెట్టుకున్నాడు. నాలుగేళ్లుగా తిన్న పప్పూ కూరా ఆయనకి గుర్తొస్తున్నాయని అందరికీ తెలుస్తూనే ఉంది.

"పేడేసినా మట్టే తింటుంది, చేపేసినా మట్టే తింటుంది బావగారూ. మనం తిన్నది ఆకే" అంది నూకరత్నం. బతిమాలుకున్నట్టే అంది.

"మట్టి సంగతి కాదమ్మా" అన్నాడు ఆయన. గొంతులో కోపం లేదు. అదే ఆవిణ్ణి ఎక్కువ భయపెట్టింది. "నన్నడిగుంటే వద్దనేవాణ్ణి. వద్దనే అవకాశం నాకివ్వలేదు నువ్వు. అమ్మోరి ముందు ఆకుల్లో వడ్డించబోయేను, నీ మాట నమ్మి." మెట్ల వైపు తిరిగాడు. "జయంతయ్యాక రేకులవాళ్లొత్తారు. సంచులు దింపీండి."

జయంతికి కూరలు మార్కెట్ నుంచి వచ్చాయి. నూకరత్నం, రామ్‌గోపాల్ భోజనాలకి వెళ్లలేదు, రమ్మని ఎవరూ అనలేదు. విశాఖపట్నం ఫోన్లు కూడా ఆగిపోయాయి. మన ఊరి సంగతి తెలిసిందేగా, వార్తకి పాసింజర్ అక్కర్లేదు.

మర్నాడు సంచులు దింపుతుంటే చూసింది ఆవిడ. బచ్చలి కణుపు కణుపుకీ కొత్త చిగురు. గోంగూర మోళ్ల పక్కనుంచి ఎర్రటి మొలకలు. ఆనప తీగ చివర లేత నులితీగ పట్టుకోడానికి ఏదైనా దొరుకుతుందేమోనని గాల్లో చెయ్యి చాస్తోంది. కడగడం పనిచేసింది. మొక్కలు బతికాయి. వాటిని పెట్టుకోవడానికే ఆవిడకిప్పుడు చోటు లేదు. రెండు గదుల్లో ఎండ రాదు, వరండా నిండా బెల్లం. సంచులన్నీ పెరటి సందులో గోడవారగా పెట్టారు. మున్సిపాలిటీ బండి వస్తే అవీ పోతాయి.

బావగారి కోడలు సుమశ్రీ చిన్న గిన్నె పట్టుకుని పెరటి గుమ్మంలోకొచ్చింది. అటూ ఇటూ చూసింది. "చిన్నత్తయ్యా, మా పాప యశస్విని మార్కెట్ ఆకుకూర నోట పెట్టట్లేదు. కాస్త బచ్చలి ఇవ్వరూ? మావయ్యగారికి చెప్పకండి."

నూకరత్నం చెయ్యి అలవాటుగా చిగురు దగ్గరకి వెళ్లింది. అక్కడే ఆగిపోయింది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. ఆ పిల్లంటే ఆవిడకి ప్రాణం.

"ఇయ్యనమ్మా. మీ మావయ్యగారికి చెప్పి రా, బుట్టెడిత్తాను. చాటుగా మాత్రం ఆకు కూడా ఇయ్యను."

సుమశ్రీ లోపలికి వెళ్లింది. మళ్లీ రాలేదు.

మధ్యాహ్నానికి కొర్లమ్మ ఖాళీ బుట్టతో వచ్చింది. సందులో సంచులు చూసింది. ఆనప సంచి వంగి ఎత్తి, బుట్టలో పెట్టి, తీగ చుట్టచుట్టి పైన వేసింది. నెత్తిన చుట్టకుదురు సర్దుకుంది.

"ఎక్కడికి?"

"మా ఇంటికి. డాబా ఉంది కదా, కాలనీ ఇల్లు."

"సముద్రం పక్కన. గాలినిండా ఉప్పే కదా కొర్లమ్మా! ఉప్పుకే చావబోయేయి ఇవి."

"నీకు సోటు నేదు, నాకు యాట నేదు. బతికితే మొదటి కాయ నీకే తెత్తాను. సచ్చిపోతే సచ్చిపోయిందనీ వచ్చి సెప్తాను. నేను దాయను" అంది కొర్లమ్మ. 'నేను' అన్న మాట కొంచెం గట్టిగానే అంది.

నూకరత్నం బుట్ట ఎత్తి ఆవిడ నెత్తిన పెట్టింది. జన్మలో మొదటిసారి చేపల బుట్ట ముట్టుకుంది, చేతులు కడుక్కోవాలన్న సంగతే గుర్తు రాలేదు. కొర్లమ్మ సందు మలుపు తిరిగేదాకా ఆనప తీగ చివర ఊగుతూ కనిపించింది. మేడ మీద రేకులవాళ్లు గోడకి చిల్లులు వెయ్యడం మొదలుపెట్టారు.